చల్లబడని శవం

ఇన్స్పెక్టరు పానకాలరావు కట్టిన కేసు మొత్తం ఒక్క గంట మీద నిలబడి ఉంది. మంగళవారం తెల్లవారుజామున అయిదు నుంచి ఆరు. లక్డారం ఎరువుల దొడ్డి మేస్త్రీ మొగులయ్య తల పగిలి చచ్చింది ఆ గంటలోనేనట. అప్పుడు దొడ్డిలో ఉన్నది కావలివాడు నర్సన్న ఒక్కడేనట. చంపిన ఇనుప చువ్వ నర్సన్న గుడిసె పక్కనే దొరికిందట. నాలుగు రోజులు లాకప్పులో ఉంచాక నర్సన్న కూడా అదే మాట అన్నాడు. ఎలా అనిపించారో అతని నడక చూస్తే చాలు. రేపు పొద్దున అతన్ని మున్సిఫు ముందు నిలబెడతారు. ఆ తర్వాత సెషన్సు కోర్టు, ఆ తర్వాత ఉరి.

ఆ గంటను పడగొట్టడానికే ఫజలుద్దీన్ పొద్దున ఏడింటికి దొడ్డికి వచ్చాడు.

అయిదేళ్ల కిందటి దాకా అతను అమీన్, పోలీసు ఠాణాకు పెద్ద. నడుముకు బెల్టు, కింద పది మంది జవాన్లు. హుకూమత్ మారి కొత్త ప్రభుత్వం వచ్చాక, కొలువుల్లోంచి తీసేసేవాళ్ల జాబితా ఒకటి వచ్చింది, అందులో అతని పేరు ఉంది. ఎందుకు ఉందని అడుగుదామంటే, జవాబు చెప్పగలిగిన పెద్దల పేర్లూ అదే జాబితాలో ఉన్నాయి. ఇప్పుడు సంగారెడ్డి కచేరీ వరండాలో పీట వేసుకుని జనానికి దరఖాస్తులు రాసిపెడతాడు. ఏ కేసులోనైనా అన్యాయం వాసన తగిలితే దాని వెంట పడతాడు. ధర్మం కోసం అని జనం అనుకుంటారు. సగం నిజం. మిగతా సగం, తన కుర్చీలో కూర్చున్నవాడు తప్పు చేస్తే చూడాలన్న కక్ష. అది అతనికీ తెలుసు.

నర్సన్న భార్య సంగమ్మ అతని కోసం దొడ్డి గేటు దగ్గరే నిలబడి ఉంది. నలభై ఏళ్లుంటాయి. ఈ దొడ్డిలో పేడా చెరుకు చెత్తా మోసే కూలి. అయిదు రోజుల కిందట కచేరీకి వచ్చి ఒకే ఒక్క మాట చెప్పింది. "శవం ఉడుకుగ ఉండె గాబట్టి అప్పుడే సచ్చిండంటున్నరు సాబ్. ఉడుకు మనిషిది కాదు, కుప్పది." ఆ మాటకే ఫజలుద్దీన్ కేసు పట్టుకున్నాడు.

"మల్ల ఒకసారి చెప్పు సంగమ్మా. ఆ సోమవారం నీ పెనిమిటి యాడున్నడు?"

"హత్నూరల వాళ్ల బావ దినానికి పోయిండు సాబ్. మాపటికి సంగారెడ్డి దాక వచ్చిండట. బస్సు మీద ఎక్కిండని జవాను పట్టి కూసోబెట్టిండట. ఈడికొచ్చేసరికి పది గొట్టింది."

"రాత్రంత నువ్వు యాడున్నవు?"

"ఊర్లె బక్కమ్మ బిడ్డకు కాన్పు. ఎనిమిదింటికి పోయిన. తెల్లారినంక మొగపిలగాడు పుట్టిండు. గాడ పన్నెండు మంది ఆడోళ్లున్నరు."

జవాబులు తడుముకోకుండా వచ్చాయి. అరచేతులు రెండూ పొలుసులు లేచి ఎర్రగా ఉన్నాయి. పెంట మోసే చేతులు మరెలా ఉంటాయనుకుని ఫజలుద్దీన్ లోపలికి నడిచాడు.

దొడ్డిలో అయిదు కుప్పలు. ఒక్కొక్కటి నిలువెత్తు, ఇరవై అడుగుల పొడుగు. పుష్యమాసపు చలికి ఊరి కుక్కలన్నీ నాలుగో కుప్ప మీద ముడుచుకుని పడుకున్నాయి. మిగతా కుప్పల మీద ఒక్కటీ లేదు. మూడో కుప్పను వారం కిందట తిప్పారు. మొగులయ్య శవం బయటపడింది అందులోంచే.

నాలుగో కుప్ప దగ్గర సాదుల్లా నిలబడి ఉన్నాడు. వ్యవసాయం చదివినవాడు, ఇక్కడ ఎరువు తయారీ అంతా అతని చేతి మీదుగానే. ముప్పై దాటలేదు గానీ భయం మాత్రం అరవై ఏళ్ల వాడికి ఉన్నంత ఉంది.

"ఈ కుప్ప ఎన్ని దినాలది?"

"నాలుగు దినాలు భాయ్ సాబ్. మూడో కుప్ప గూడ ఆనాటికి నాలుగు దినాలదే."

"సోమవారం మొగులయ్యను ఆఖరుకు ఎప్పుడు చూసినవు?"

"అయిదున్నరకు. కూలోళ్లను పంపిచ్చి హాజరీ రాస్తుండె. పారలన్ని కొట్టంల పెట్టి తాళమేసి, తాళంచెవి నాకిచ్చిండు. నేను పటాన్‌చెరు పోయిన."

"శవం దొరికిందెట్ల?"

"కుప్పను పదిహేను దినాలకు తిప్పాలె. కానీ జిల్లా నుంచి పెద్దోళ్లు చూస్తందుకు వస్తున్నరని సోమవారం రాత్రి ఖబురొచ్చింది. మంగళవారం పొద్దుగాల్నే తిప్పిచ్చిన. ఎనిమిదింటికి కాలు కనవడ్డది. అంచుకే ఉండె, జానెడు లోపట."

"తిప్పకుంటే?"

సాదుల్లా నేల చూశాడు. "పదిహేను దినాలకు ఎవలో ఆనవాలు పట్టకపోదుము."

అంటే పెట్టినవాళ్లకు కుప్ప సంగతి తెలుసు. ఎప్పుడు తిప్పుతారో, లోపల ఏం జరుగుతుందో తెలుసు. ఆ ముక్క ఫజలుద్దీన్ మనసులో ఒక మూలన పడింది. తర్వాత చూద్దామనుకున్నాడు. ముందు పానకాలరావు పని పట్టాలి.

సాదుల్లా కుప్పలో గుచ్చి ఉన్న ఇనుప చువ్వను లాగాడు. ప్రతి కుప్పకూ ఒక చువ్వ ఉంటుంది. పొద్దునా సాయంత్రం లాగి ముట్టుకుని, కుప్ప కాగిందో లేదో కూలీలు చెప్పేస్తారు. ఫజలుద్దీన్ వేలు పెట్టి చప్పున తీసేశాడు. పొయ్యి మీది గిన్నె ముట్టుకున్నట్టే చురుక్కుమంది.

"నడిమిట్ల నూట యాభై డిగ్రీలు ఫారన్‌హీట్," అన్నాడు సాదుల్లా పొడుగాటి థర్మామీటరు చూపిస్తూ. "అంచుకు నూట అయిదు. లోపట చెయ్యి పెట్టకుండ్రి భాయ్ సాబ్, తోలు ఊడుతది. మా కూలోళ్లు పార లేంది కుప్పను ముట్టరు."

"ఎండకు కాగిందంటడు ఇన్స్పెక్టరు."

"ఎండ యాడుంది?" సాదుల్లాకు తన విద్య సంగతి వచ్చేసరికి భయం కాస్త తగ్గింది. "పేడల, చెత్తల కండ్లకు ఆనని జీవాలుంటయి. ముందుగాల మామూలుయి తింటయి, పెరుగుతయి. అవి తింటుంటే కుప్ప వేడెక్కుతది. ఆ వేడికి అవే చస్తయి. గప్పుడు ఇంకో జాతి లేస్తది. మనం కాలి సచ్చే కాడ వాటికి ఆకలి పుడతది, సంసారం పుడతది. ఒకటి రెండైతయి, రెండు నాలుగైతయి, కుప్ప ఇంక కాగుతది. చల్లవడితే అవి పండుకుంటయి. హైదరాబాదుల చదివేటప్పుడు మైక్రోస్కోపుల నేను చూసిన."

ఫజలుద్దీన్ అతని ముఖంలోకి చూశాడు. "ఇంత ఎర్క ఉన్నోనివి, మొదటి దినమే ఎందుకు చెప్పలే? ఆ రోజు డాక్టరు నీ ఎదురుంగనే శవం ముట్టి, ఉడుకుగ ఉన్నదని రాస్తుండె గద?"

"నన్నెవలు అడగలే."

"అడగకుంటే?"

"అడగని మాట చెప్పి నేనెందుకు జాబితాలకెక్కాలె భాయ్ సాబ్?" సాదుల్లా గొంతు తగ్గించాడు. "మీ సంగతి మీకెర్కే గద."

ఫజలుద్దీన్‌కు ఒళ్లు మండింది. తిట్టడానికి నోరు తెరిచి మూసుకున్నాడు. తిడితే తననే తిట్టుకున్నట్టవుతుంది.

ఎనిమిదికి అయిదు నిమిషాలుండగా జీపు వచ్చింది. ఇన్స్పెక్టరు పానకాలరావు దిగాడు. కృష్ణా జిల్లా మనిషి, ముప్పై అయిదేళ్లు, ఇస్త్రీ మడత చెదరని బట్టలు. చురుకైనవాడు. మొద్దయితే ఫజలుద్దీన్‌కు ఇంత కడుపుమంట ఉండేది కాదు.

"ఏమండీ మాజీ అమీను గారూ, మున్సిఫు గారి చేత ఆర్డరు రాయించి మరీ నన్ను పేడకుప్ప దగ్గరికి రప్పించారు. ఏమిటీ తమాషా?"

"తమాషా కాదు ఇన్స్పెక్టర్ సాబ్. ఒక్క సవాలు. జవాబు చెప్పి పోండ్రి."

ఫజలుద్దీన్ సైగ చేశాడు. రాత్రంతా కుప్పకు కాపలా ఉన్న జవాను చిన్నరాములు ముందుకొచ్చాడు. పానకాలరావు మనిషే. కుప్ప అంచున తాడు కట్టి, లక్క ముద్ర వేసి ఉంది. జవాను ముద్ర విప్పి, జానెడు ఎరువు పారతో తోడి, గోనెసంచి ఒకటి బయటికి లాగాడు. సంచిలోంచి మేకపిల్ల కాళ్లు నాలుగూ బయటికి వచ్చాయి.

"ముట్టుండ్రి."

పానకాలరావు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో మేక డొక్క తాకాడు. వెచ్చగా ఉంది. కాలు వంచాడు, తేలిగ్గా వంగింది.

"ఇది సచ్చి ఎంతసేపయింది?"

"గంట. మహా అయితే రెండు గంటలు."

"మీ డాక్టరు గూడ గట్లనే రాసిండు. ఒళ్లు వెచ్చగ ఉన్నది, ఇంక కొయ్యబారలే, కాబట్టి మూడు గంటలు దాటలే అని. గులాం మొహమ్మద్, నువ్వు చెప్పు."

గోడ పక్కన కూర్చున్న పటాన్‌చెరు కసాయి లేచాడు. మంచి మాంసం పెంట పాలయిందన్న బాధ అతని ముఖం నిండా ఉంది. "నిన్న పొద్దుమూకంగ కోసిన సాబ్. మగ్రిబ్ నమాజుకు ముందు, ఆరింటికి. రెండు ఒక్కసారే కోసిన. ఒకటి కుప్పల పెట్టిండ్రు, ఒకటి గోడకు పెట్టిండ్రు. జవాను చూసిండు."

చిన్నరాములు తలూపాడు. గోడవారనున్న రెండో సంచి తెచ్చి విప్పాడు. ఆ మేకపిల్ల రాయిలా చల్లగా ఉంది. కాలు పట్టి లేపితే బల్లను లేపినట్టు మొత్తం ఒళ్లు లేచింది.

పానకాలరావు జేబురుమాలు కిందికి దించాడు.

"చలిల ఉన్నది ఇంక కొయ్యబారే ఉన్నది," ఫజలుద్దీన్ గొంతులో ఉత్సాహం దాచుకోలేకపోయాడు. "ఉడుకుల ఉన్నది జల్దీ కొయ్యబారి, జల్దీ మెత్తబడ్డది. మీ డాక్టరు ఇంక కొయ్యబారలే అనుకున్నడు. కాదు, కొయ్యబారి వదిలింది. ఇంకోటి. ఆయన కాగితంలనే ఉన్నది, పొత్తికడుపు కుడిపక్క పచ్చబడ్డదని. మూడు గంటల శవం కుళ్లి పచ్చబడుతదా? ఆయనే రాసిండు, ఆయనే చూడలే. మొగులయ్య అయిదున్నరకు బతికే ఉన్నడు. మంగళవారం తెల్లారి సావలే. సోమవారం మాపు ఆరింటికి, అటో ఇటో, సచ్చిండు."

"అయితే? ఆరింటికి నర్సన్న ఇక్కడ లేడని ఎవరు చెప్పారు? వాడి పెళ్లామా?"

ఈ మాట కోసమే ఫజలుద్దీన్ కాచుకుని ఉన్నాడు. చంకలోంచి కచేరీ ముద్ర ఉన్న నకలు తీశాడు. "మీ రిజిస్టరే చెప్తున్నది. సంగారెడ్డి బస్సుల అడ్డా పోలీసు చౌకీ. సోమవారం, సాయంత్రం అయిదూ నలభై. బస్సు టాపు మీద ఎక్కినందుకు లక్డారం నర్సన్నను ఏడున్నర దాక కూసోబెట్టినమని ముసలి జవాను రాసిండు. ఉర్దూల రాసిండు. మీరు చదవలే. ఎవరితోని చదివిచ్చుకోలే."

కుక్కలు మళ్లీ కుప్ప ఎక్కి వెచ్చగా సర్దుకున్నాయి. పానకాలరావు ఆ నకలును కిందికీ మీదికీ తిప్పి చూశాడు. ఒక్క అక్షరం తెలియదు, ముద్ర మాత్రం కచేరీదే. అయిదేళ్లుగా ఈ ముఖం కోసమే ఫజలుద్దీన్ కళ్లు కాయలు కాశాయి. కడుపు నిండినట్టనిపించింది.

"నర్సన్నను వదలాలి," అన్నాడు పానకాలరావు నెమ్మదిగా. "వదులుతాను. తప్పు నాది. మున్సిఫు గారికి నేనే రాస్తాను."

ఇంత సులువుగా ఒప్పుకుంటాడని ఫజలుద్దీన్ అనుకోలేదు. పానకాలరావు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. అతని చూపు మాత్రం ఫజలుద్దీన్ మీద లేదు, గేటు వైపు ఉంది.

"ఒక్క సంగతి చెప్పండి ఫజలుద్దీన్ గారూ. సోమవారం నర్సన్న ఊళ్లో లేడు. కూలీలు అయిదున్నరకు వెళ్లిపోయారు. ఆరింటికి ఈ దొడ్డికి కావలి ఎవరు?"

ఫజలుద్దీన్ గేటు వైపు తిరిగాడు. సంగమ్మను రాత్రి సంగతి నాలుగుసార్లు అడిగాడు. సాయంత్రం సంగతి ఒక్కసారీ అడగలేదు.

"శవం దొరికిన రోజే సంగమ్మ మా దగ్గరికి వచ్చింది," పానకాలరావు గొంతులో వెటకారం ఇప్పుడు లేదు. "నేనే చంపాను, నా మొగుణ్ణి వదలండి అంది. నవ్వాను. మొగుణ్ణి కాపాడుకోవడానికి ఆడవాళ్లు ఏమైనా అంటారు కదా. అయినా విచారించాను. తెల్లవారుజామున అయిదింటికి ఆమె పురిటింట్లో ఉందని పన్నెండు మంది చెప్పారు. బయటికి నెట్టించాను. ఆ పన్నెండు మంది సాక్ష్యాన్ని ఇప్పుడు మీరే కొట్టేశారు, అమీను గారూ."

మూలన పడేసిన ముక్కలన్నీ ఒక్కసారి ఫజలుద్దీన్ ముందుకొచ్చాయి. కుప్ప సంగతి తెలిసినవాళ్లు. తాళం వేసిన పారలు. పార లేకుండా కుప్పను ముట్టని కూలీలు. పొలుసులు లేచిన ఆ అరచేతులు. పొద్దున కళ్లతో చూసి కూడా దాటేశాడు. ముప్పై ఏళ్ల పోలీసు బుర్ర, పానకాలరావు ముఖం వాడిపోతే చూడాలన్న ఒక్క ఆశ కోసం అన్నీ దాటేసింది.

అతను గేటు దగ్గరికి నడిచాడు. సంగమ్మ అక్కడే, పొద్దున నిలబడిన చోటనే నిలబడి ఉంది.

"వదులుతరా సాబ్ మావోన్ని?"

"వదులుతరు."

ఆమె గుండెల నిండా గాలి పీల్చుకుంది. "అల్లా మిమ్ముల సల్లగ సూడాలె."

"సోమవారం కావలి నువ్వే ఉంటివా?"

"ఆయన లేకుంటే నేనే గద సాబ్ ఉండేది. అందరు పోయినంక మొగులయ్య కొట్టం ఎనుకకు రమ్మన్నడు. రానన్న. చెయ్యి పట్టిండు. చువ్వ అందింది. ఒక్కటే దెబ్బ. నేను గట్లయితదనుకోలే. కొట్టానికి తాళముండె. చేతులతోనే కుప్పను తవ్వి కప్పిన. చువ్వ గుడిసె కాడ పారేసి, కాన్పుకు పోయిన."

"నాకెందుకు చెప్పలే? మొదటి దినమే నాకు చెప్తే..."

"స్టేషన్ల చెప్పిన, నవ్విండ్రు. డాక్టర్ కాగితంల గా గంట ఉన్నంతకాలం నా మాట ఎవలు నమ్ముతరు సాబ్? ముందుగాల గంట మారాలె. కాగితం తోని కొట్లాడెటోళ్లు మీరేనని ఊర్లె అన్నరు." కళ్లు తుడుచుకుంది. "మీకు చెప్తే మీరు గీ పని చేద్దురా? ఒక్కళ్ల మెడకెల్లి ఉరితాడు తీసి ఇంకొక్కళ్ల మెడకు ఎయ్యమంటే చేద్దురా?"

ఫజలుద్దీన్ చేసేవాడు కాదు. అందుకే ఆమె అడగలేదు. ఈ జిల్లాలో ఇన్నాళ్లూ అతన్ని ఎంతోమంది వాడుకున్నారు గానీ, ఇంత తెలివిగా, ఇంత కన్నీటితో వాడుకున్నవాళ్లు లేరు.

పానకాలరావు జీపు బానెట్టు మీద కాగితం పెట్టి రాస్తున్నాడు. రాయడం అయ్యాక పైకి చదివాడు. "మొగులయ్యతో మాటా మాటా పెరిగి, కోపంతో చువ్వతో తల మీద కొట్టి చంపి, శవాన్ని కుప్పలో దాచాను." చిన్నరాములు సిరా దిండు తెచ్చాడు. సంగమ్మ అడగకుండానే బొటనవేలు చాపింది.

కాగితం మీద పడింది వేలిముద్ర కాదు. నల్లటి మచ్చ. గీతలు లేవు, చక్రం లేదు. ఇంకోసారి వేయించారు, మళ్లీ మచ్చే. కుప్ప వేలి మీది గీతలన్నీ తినేసింది.

"పక్కన ఎవరిదో రాయండి," పానకాలరావు కలం ఫజలుద్దీన్ ముందుకు చాపాడు. "నిశానీ ఎవరిదో దరఖాస్తు రాసేవాళ్లు రాసి సంతకం పెట్టడం మీ ప్రాంతపు ఆనవాయితీయే కదా. ఈ మచ్చకు అది తప్పనిసరి."

ఫజలుద్దీన్ కలం అందుకున్నాడు. కాగితం చదివాడు. రెండోసారి చదివాడు.

"ఇందుల చెయ్యి పట్టిండన్న మాట లేదు."

"కోర్టులో చెప్పుకుంటుంది."

"కోర్టుల చెప్తే ఇప్పుడు పుట్టిచ్చిందంటరు. శవం దాసిపెట్టినందుకే సగం ఉరి పడ్డది, గా మాట లేకుంటే మిగతా సగం పడుతది. మాటా మాటా పెరగలే, ఇన్స్పెక్టర్ సాబ్. ఒంటరిగ ఉన్న ఆడదాని చెయ్యి పట్టిండు. తప్పించుకునేటందుకు కొట్టింది. గది రాస్తే సంతకం పెడత. లేకుంటే ఈ మచ్చ ఎవరిదో మీరే రుజువు చేసుకోండ్రి."

పానకాలరావు కాసేపు పెదవి కొరికాడు. తర్వాత కాగితం చింపి, కొత్త కాగితం తీసి మొదటి నుంచి రాశాడు. ఈసారి ఆ వాక్యం ఉంది.

సంగమ్మ మూడోసారి వేలు పెట్టింది. ఆ మచ్చ పక్కన ఫజలుద్దీన్ తన చేత్తో రాశాడు. లక్డారం నర్సన్న భార్య సంగమ్మ నిశానీ. కింద తన పేరు రాశాడు. పేరు ముందు అలవాటుగా అమీన్ అని పడింది. అది కొట్టేసి, కలం తిరిగి ఇచ్చేశాడు.